స్టిక్కరు లేని పేజీ

పదో తేదీ, మంగళవారం
ఉదయం పదకొండు గంటలు, హాస్పిటల్ రికార్డుల గది

మరిదికి,

నువ్వు అబద్ధం రాశావు. తొమ్మిదేళ్ళ కిందట జూన్ నెలలో, మీ అన్న ఛాతీ మూసి, తొడుగులు విప్పి, చేతులు కడుక్కుని, థియేటర్ పక్క గదిలో కూర్చుని, నీ సంతకం పెట్టి మరీ రాశావు.

ముందు నమస్కారాలు, తర్వాత క్షేమ సమాచారాలు, ఆ తర్వాత అసలు సంగతి రాయాలని నాకూ తెలుసు. ఈసారికి వరస మారింది, సర్దుకో. నీ భార్యాపిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను. నేనూ కులాసాయే. వెటకారం కాదు. ఆకలేస్తే తింటున్నాను, మంచమెక్కితే నిద్రపడుతోంది. మీ అన్న పోయి నలభై రోజులైంది, ఒక్కసారి కూడా ఏడవలేదు. మా పక్క సీటాయన అందరితోనూ మేడమ్ గుండె రాయి అని మెచ్చుకుంటున్నాడు. రాయీ కాదు, రప్పా కాదు. పంటి డాక్టరు మత్తు సూది పొడిచాక చెంప ఎలా ఉంటుందో మనిషంతా అలా ఉంది. గిల్లితే తెలుస్తుంది, నొప్పి మాత్రం రాదు.

కోపం కూడా పెద్దగా లేదు. నమ్మవు కదూ. పాతికేళ్ళుగా యూనియన్ కరపత్రాలు రాసిన మనిషిని, కోపం నా కూడూ గుడ్డా అని మీ అన్నే అనేవాడు. ఇప్పుడు ఈ ఉత్తరం కోపంతో కాదు, అలవాటు కొద్దీ రాస్తున్నాను. చెయ్యి దానంతటదే రాసుకుపోతోంది.

విషయం చెబుతాను. నీకు తెలియనిది కాదు, తాతకు దగ్గులు నేర్పుతున్నానని నాకూ తెలుసు. కానీ ఈ ఉత్తరం నకలు ఇంకో నలుగురు చదువుతారు. వాళ్ళలో అందరూ డాక్టర్లు కారు.

గుండె చుట్టూ ఒక సంచి ఉంటుంది. ఆపరేషన్ కోసం దాన్ని కోస్తారు. అయిపోయాక మళ్ళీ మూయడం చాలాసార్లు కుదరదు. అలా వదిలేస్తే, గాయం మానేటప్పుడు గుండె వెళ్ళి ఛాతీ ఎముకకి అంటుకుంటుంది, తడి ఆరని రంగు మీద కాగితం పడ్డట్టు. మళ్ళీ తెరవక్కర్లేని మనిషికి దాంతో పెద్ద ఇబ్బంది లేదు. తెరవాల్సి వస్తేనే గండం. రంపం కోసేది ఎముకనే, కానీ ఎముకకి అంటుకుని ఉన్నది గుండె. అందుకని కొన్నిచోట్ల మూసేముందు మధ్యలో ఒక పల్చటి పొర పరుస్తారు. అది కొన్ని వారాలో నెలలో అడ్డంగా ఉండి, ఈలోపు గాయం మాని కొత్త కండ పెరిగితే, తన పని అయిపోయిందని తానే కరిగిపోతుంది. కుట్లు విప్పాల్సిన పని లేదు, తీయాల్సిన పని లేదు.

దాని మంచితనమే దానితో వచ్చిన చిక్కు. కరిగిపోయాక అది ఉండేదో లేదో చెప్పడానికి కాగితం తప్ప సాక్షి లేదు.

మీ అన్నకి అప్పుడు వేసింది జంతు కణజాలంతో చేసిన కవాటం. పదేళ్ళు, మహా అయితే పన్నెండేళ్ళు, తర్వాత మార్చాలి అని పెద్ద డాక్టరుగారు ముందే చెప్పారు. అంటే ఆ ఛాతీ మళ్ళీ తెరుచుకోబోతోందని మొదటి రోజే అందరికీ తెలుసు. సొంతవాళ్ళ మీద కత్తి పెట్టకూడదని మీలో ఒక నియమం ఉందిట. నువ్వు ఆయన్ని బతిమాలి, కవాటం మీరు వేయండి సార్, మూయడం మాత్రం నేనే మూస్తాను, అన్నయ్య ఛాతీ ఇంకొకరు మూస్తే నాకు జన్మలో నిద్రపట్టదు అన్నావు. మూశావు. ఒక్క కుట్టు వంకర లేదు. స్నానం చేసి వచ్చి అద్దం ముందు నిలబడి మీ అన్న, మా చిటికెనవేలు కుట్టాడే, దర్జీ కూడా సిగ్గుపడాలి అని మురిసిపోయేవాడు. నువ్వు ఎంత పెద్ద డాక్టరువైనా వాడికి చిటికెనవేలువే.

మూసిన తర్వాత నోటు రాయాలి. అక్కడ మీ డిపార్టుమెంటులో ఒక తయారు నోటు ఉండేది. కంప్యూటర్లో పాత రోగి నోటు తెరిచి, పేరు మార్చి, వయసు మార్చి, కవాటం సైజు మార్చి, ప్రింటు తీసి సంతకం పెట్టడం. అందులో పదమూడో లైను: ఎముక మూసేముందు కరిగే పొర అమర్చబడినది. నువ్వు పన్నెండు లైన్లు మార్చావు. పదమూడోది మార్చలేదు.

ఎందుకు మార్చలేదో కూడా చెప్పగలను. నువ్వు తొందరలో ఉన్నావు. బయట కుర్చీలో నేనున్నాను. టోపీ కూడా తీయకుండా పరుగెత్తుకొచ్చి, వదినా, అయిపోయింది, సాయంత్రానికి లేచి నీమీద జోకులేస్తాడు చూడు అన్నావు. నాకు మంచి కబురు ఒక్క నిమిషం ముందు చెప్పడానికి ఆ లైను వదిలేశావు. ఇది తెలిసి నేనేం చేయాలి? నిన్ను తిట్టడానికి కూడా సుఖం లేదు.

ఆ ఏడాది మార్చి నుంచే మన హాస్పిటల్ స్టోరుకి ఆ పొరలు రావడం ఆగిపోయింది. ఎందుకు ఆగిందన్నది వేరే కథ, ఇక్కడ అనవసరం. జూన్లో స్టోరులో ఒక్క పొర కూడా లేదు. లేని పొర వేశానని రాశావు.

ఇక మీ అన్న సంగతి. వాడు లిఫ్టు మెకానిక్కు. పైన మెషిను గదిలో ప్రతి లిఫ్టుకీ ఒక లాగ్ బుక్కు వేలాడుతుంది. తాడు చూశాను, బ్రేకు చూశాను, నూనె వేశాను అని రాసి సంతకం పెట్టాలి. కుర్ర మెకానిక్కులు కిందనే టీ తాగుతూ నెలకి సరిపడా సంతకాలు పెట్టేస్తుంటే, వాడు అలాంటి పుస్తకం దొరికినచోటల్లా గొడవపెట్టుకునేవాడు. ఒరేయ్, పని చేసి సంతకం, సంతకం చేసి పని కాదురా, ఈ పుస్తకం నమ్మి ఎనిమిదిమంది పెట్టెలో ఎక్కుతున్నారు అనేవాడట. ఆపరేషన్‌కి చేరే ముందురోజు కూడా ఒక భవనానికి వెళ్ళొచ్చాడు. ఎందుకయ్యా అంటే, బ్రేకు చూశాను గానీ రాయడం మర్చిపోయాను అన్నాడు. చేసిన పని రాయకపోతే కూడా నిద్రపట్టని మనిషి. వాడికి తమ్ముడివి నువ్వు.

రెండో ఆపరేషన్ రోజు నేను వెయిటింగ్ హాల్లో నీలం కుర్చీల వరసలో చివరిదాంట్లో కూర్చున్నాను. లోపలికి తీసుకెళ్ళేముందు వాడు స్ట్రెచర్ మీద పడుకుని, ఈసారి జిప్పు పెట్టమని చెప్పు, మాటిమాటికీ కుట్లు ఎందుకు, దండగ అన్నాడు. నర్సమ్మ నవ్వింది. నేను నోరుమూసుకుని పడుకో అన్నాను. వాడితో నా చివరి మాట అది. పట్టించుకోకు, ఇరవై ఆరేళ్ళుగా రోజుకి పదిసార్లు అన్న మాటే.

నువ్వు ఇక్కడ మానేసి వెళ్ళాక, పెద్ద డాక్టరుగారు రిటైరయ్యాక, కొత్త డాక్టరుగారు వచ్చారు. నెమ్మదస్తుడు. స్కాను తీయించారు. గుండె ఎముకకి దగ్గరగా కనిపించింది. దగ్గరగా ఉండటం వేరు, అతుక్కుపోవడం వేరు. స్కాను చూసి ఏదని తేల్చి చెప్పలేకపోయారు. నీ నోటు చదివారు. పొర వేశారు కదా, మధ్యలో కొంత వదులు ఉంటుంది అనుకున్నారు. నమ్మారు. వేయలేదని తెలిస్తే ముందే తొడ దగ్గర రక్తనాళాలు బయటికి తీసి, గుండె పని యంత్రానికి అప్పగించి, అప్పుడు రంపం పట్టేవారు. అలా చేసినా బతికేవాడని రాసివ్వలేనమ్మా, కానీ ఒక దారి ఉండేది అని తర్వాత అన్నారు.

ఆయన బయటికి వచ్చింది పదీ యాభైకి. రంపం పెట్టగానే అని మొదలుపెట్టి ఆగిపోయారు. నా వంక చూసి ఏదో అడగబోయి అది కూడా మానేశారు. నేను థాంక్యూ సార్ అన్నాను. మంచినీళ్ళ మెషిను దగ్గర గ్లాసుకి గొలుసు ఉంది గానీ గ్లాసు లేదు. గొలుసు ఎంత పొడుగుందో చూస్తూ నిలబడ్డాను. ఇప్పటికీ ఆ రోజనగానే ముందు ఆ గొలుసు గుర్తొస్తుంది, మీ అన్న కాదు.

తర్వాత నువ్వు ఇంటికి వచ్చావు. సోఫా అంచున కూర్చున్నావు. వదినా, రెండోసారి ఆపరేషన్లలో ఇలా జరుగుతుంటాయి అన్నావు. జరుగుతుంటాయి. వర్షం పడుతుంది, కరెంటు పోతుంది, అన్నయ్యలు పోతుంటారు. నేను టీ పెట్టాను. నువ్వు తాగావు. కప్పు కడిగి పెట్టావు కూడా, మంచి పెంపకం.

చనిపోయినవాళ్ళ కేసు షీట్లన్నీ చివరికి మా గదికే వస్తాయి. పేజీలు వరసలో పెట్టి, నంబర్లు వేసి, ముద్ర కొట్టి, అరలో పెట్టడం ఇరవై రెండేళ్ళుగా నా పని. మీ అన్నదీ వచ్చింది. పక్క సీటాయన, మేడమ్, ఇది నాకివ్వండి అన్నాడు. నీకు వరస తప్పుతుంది, వద్దులే అన్నాను. నేనే పెట్టాను. నూట పద్దెనిమిది పేజీలు. మొదటి ఆపరేషన్ కాగితాల్లో స్టిక్కర్ల పేజీ ఒకటి ఉంటుంది. శరీరంలో ఉంచేసే వస్తువు ఏదైనా, దాని డబ్బా మీది స్టిక్కరు చించి అక్కడ అతికించాలి. కవాటం స్టిక్కరు ఉంది. ఎముకకి కట్టిన తీగల స్టిక్కరు ఉంది. కింద ఖాళీ. జిగురు మరక కూడా లేదు. అప్పుడే మొదటిసారి చూశాను.

ఆ వారమే నీకు ఫోన్ చేసి, పొర వేశావా అని అడిగాను. వదినా, తొమ్మిదేళ్ళయింది, గుర్తులేదు అన్నావు. నిజమే అయ్యుంటుంది. నీకు గుర్తులేదు గనకే కాగితం ఉంది.

అంతటితో ఊరుకుని ఉంటే ఈ ఉత్తరం ఉండేది కాదు. ఆ మార్చి నుంచి, నువ్వు ఇక్కడ మానేసిన జనవరి దాకా, నీ సంతకం ఉన్న నోట్లన్నీ తీశాను. మధ్యాహ్నం అన్నం గంటలో, రోజుకి నాలుగైదు. పదమూడో లైను ఉండి స్టిక్కరు లేనివి, మీ అన్నది కాక, ఇరవై ఏడు. ఇరవై ఏడుగురు మనుషులు. వాళ్ళ ఛాతీలో పొర ఉండేదని కాగితం చెబుతోంది. స్టోరు మాత్రం లేదంటోంది.

అందులో ఒకామె బస్సు కండక్టరు. మొన్న పాత కాగితాల కోసం మా కిటికీ దగ్గరికి వచ్చింది. నా పాత ఫైలు దొరికిందా అమ్మా, లేకపోతే టికెట్టు లేని ప్రయాణం కింద దింపేస్తారా అంది. గలగలా నవ్వింది. ఆమె కవాటం కూడా అరిగింది. రెండో ఆపరేషన్ పంతొమ్మిదో తేదీ, గురువారం. ఇంకా తొమ్మిది రోజులుంది. ఆమె నోటులోనూ పదమూడో లైను ఉంది.

సూపరింటెండెంటు దగ్గరికి వెళ్ళాను. డాక్టరు రాసిన నోటుని గుమాస్తా మాట మీద ఎలా మారుస్తామమ్మా, రాసినాయన చేత ఉత్తరం తెప్పించండి, వచ్చే నెల కమిటీలో పెడదాం అన్నారు. వచ్చే నెల. పంతొమ్మిది ఈ నెలలో ఉంది సార్ అన్నాను. మీరు మామూలుగా లేరు, కొన్నాళ్ళు సెలవు పెట్టండి అన్నారు. పోయినవాడి పెళ్ళాం ఏం మాట్లాడినా దుఃఖమే అనుకుంటారు, ఎంత సౌకర్యం!

ఇప్పుడు నువ్వేం వాదిస్తావో నాకు తెలుసు. పొర వేయకపోవడం నేరం కాదు, చాలాచోట్ల అసలు వేయరు అంటావు. ఒప్పుకుంటాను. పొర వేసినా అతుక్కున్న కేసులున్నాయి అంటావు. అదీ ఒప్పుకుంటాను. అందరూ అదే తయారు నోటు వాడేవాళ్ళు, నన్నొక్కడినే అంటావేం అంటావు. సరే, అందరిదీ తప్పే, నువ్వు ముందు ఒప్పుకో. మీ అన్నని పొర లేకపోవడం చంపలేదు. ఉందని రాయడం చంపింది. లేదని రాసి ఉంటే అది జాగ్రత్త అయ్యేది. ఉందని రాస్తే అది భరోసా అయింది. దొంగ భరోసా మీద రంపం పెట్టారు.

పేదవాడి ప్రాణం కాగితం మీద నడుస్తుందని నేను కొన్ని వందల కరపత్రాల్లో రాశాను. రాసినప్పుడు అదొక వాక్యం, అంతే. ఇప్పుడు ఇరవై ఏడు ఫైళ్ళు బల్ల మీద ఉన్నాయి, ముట్టుకుంటే దుమ్ము అంటుతోంది.

నీకు చెల్లెలిలాంటి ఆ కండక్టరమ్మ కోసమైనా కదులు. మీ ఆవిడకి నా ఆశీస్సులు. పిల్లలు పరీక్షలు బాగా రాశారని విన్నాను, సంతోషం.

ఇట్లు,
నువ్వు నిక్కర్లు వేసుకునే రోజుల్లో ఈ ఇంటికి వచ్చిన
మీ వదిన

తా.క. సాయంత్రం నాలుగైంది. కవరు అంటించబోయి మళ్ళీ చదివాను. ఇందులో నేను కూడా రెండు అబద్ధాలు రాశాను. నీ సంతకం ఒక్కటీ అడిగి నా సంతకం దాచుకోవడం కుదరదు.

మొదటిది. పొరలు ఎందుకు ఆగాయన్నది అనవసరం అని రాశాను. ఆపించింది నేను. అప్పట్లో ఆ పొర డబ్బు కట్టే వార్డువాళ్ళకే వేసేవారు, ఉచిత వార్డులో వేసేవారు కాదు. ఒకే కత్తి, ఒకే గుండె, పొర మాత్రం కొందరికేనా అని కరపత్రం రాశాను. అందరికీ వేయండి, లేదా ఎవరికీ వద్దు అని కింద పెద్ద అక్షరాలతో వేశాను. గేటు దగ్గర రెండు వారాలు పంచాం. యాజమాన్యం దిగొచ్చింది. నేనడిగిన రెండింట్లో వాళ్ళకి తేలికైనది ఇచ్చింది. ఎవరికీ లేదు. నేను దాన్ని గెలుపు అని ఇంకో కరపత్రం వేశాను. మీ అన్న అది చదివి, లిఫ్టు అందరికీ పెట్టమంటే మెట్లు అందరికీ ఇచ్చారన్నమాట అన్నాడు. మూడు రోజులు వాడితో మాట్లాడలేదు. మూడు నెలలకి వాడినే ఆ బల్ల మీద పడుకోబెట్టారు. అందరికీ వేయమనడం తప్పని ఇప్పటికీ అనను. లేదా అని తగిలించిన ముక్క మాత్రం నాది.

రెండోది. కొత్త డాక్టరుగారు నోటు చదివి నమ్మారని రాశాను. నమ్మలేదు. నన్ను పిలిచారు. స్టిక్కర్ల పేజీ తెరిచి వేలు పెట్టి చూపించి, అమ్మా, మీరు రికార్డుల మనిషి, పొర వేశారని రాసి ఉంది, స్టిక్కరు లేదేమిటి అని అడిగారు. ఆ పేజీ నేను మొదటిసారి చూసింది వాడు పోయాక కాదు. వాడు పోవడానికి నాలుగు రోజుల ముందు.

స్టోరులో అప్పుడు పొరలు లేవని ఆ గదిలో గుర్తొచ్చింది నాకొక్కదానికే. నోటు జూన్‌లో రాసిందని కాగితం మీదే కనిపిస్తోంది. రెండూ నా తలలో ఒకదాని పక్కన ఒకటి నిలబడ్డాయి. ఒక్క క్షణం, స్పష్టంగా. లేదు సార్, అది వేసి ఉండరు అంటే, మరి ఎందుకు వేయలేదు అని అడుగుతారు. నా కరపత్రం వల్ల అని చెప్పాలి. పక్కనే మీ అన్న కూర్చుని ఉన్నాడు. స్టిక్కర్లు ఊడిపోతుంటాయి సార్, మా మరిదే మూశాడు, వాడు రాశాడంటే వేసినట్టే అన్నాను. మీ అన్న కూడా, మావాడు సంతకం పెట్టాడంటే బ్రేకు చూసినట్టే సార్ అన్నాడు, గర్వంగా. డాక్టరుగారు తల ఊపి ఫైలు మూసేశారు.

థియేటర్ బయట ఆయన అడగబోయి మానేసింది ఆ సంగతే. కండక్టరమ్మ గురించి సూపరింటెండెంటు దగ్గరికి వెళ్ళాను గానీ, రెండు గదుల అవతలున్న ఆయన దగ్గరికి ఎందుకు వెళ్ళలేదో నీకిప్పుడు అర్థమై ఉంటుంది. తొమ్మిది రోజులే ఉందని నీకు లెక్క చెప్పాను. ఇరవై ఏడు ఫైళ్ళు తేలి అప్పటికే ఆరు రోజులు నేను తినేశానని చెప్పలేదు.

రేపు పొద్దున తొమ్మిదికి ఆయన గదికి వెళ్తున్నాను. నీకోసం ఆగను. ఆయనకి మొత్తం చెబుతాను. ఈ ఉత్తరం నకలు ఒకటి ఆయనకి, ఒకటి సూపరింటెండెంటుకి, ఒకటి యూనియన్‌కి, ఒకటి కండక్టరమ్మకి. ఈ తా.క. లేకుండా ఏ నకలూ పోదు.

నా డిమాండ్లు:

1. శనివారం లోపు రా. ఫోన్ చేయకు, మనిషివి రా.

2. ఇరవై ఏడు నోట్లలోనూ పదమూడో లైను పక్కన, పొర వేయలేదు అని రాసి, రాసే రోజు తేదీ వేసి సంతకం పెట్టు. పాత లైను కొట్టేయకు. చదవడానికి వీలుగా ఉండాలి.

3. ఇరవై ఏడుగురికీ మనిద్దరం వెళ్ళి చెప్పాలి. మొదట కండక్టరమ్మ. వాళ్ళలో ఇద్దరి చిరునామాలు మారాయి, వెతకాలి.

4. తయారు నోటులోంచి ఆ లైను తీయించాలి. స్టిక్కరు అతికించిన తర్వాతే ఎవరైనా చేత్తో రాయాలి. మీ హాస్పిటల్లో కూడా.

5. పొరలు మళ్ళీ తెప్పించాలి. మళ్ళీ తెరవాల్సి వచ్చే ప్రతివాళ్ళకీ, రెండు వార్డుల్లోనూ. ఈసారి లేదా అన్న మాట ఉండదు.

6. కొత్త డాక్టరుగారి ముందు నన్ను వెనకేసుకురాకు. వదిన దుఃఖంలో ఉంది సార్ అనకు.

7. మీ అన్న నోటు కూడా దిద్దు. దాన్ని ఇంకెవరూ తెరవరు. అయినా దిద్దు.